ఫ్లాట్‌బెడ్ లారీ నేర్చుకునేటోళ్లకు: లైసెన్సు నుంచి లోడు దించేదాక

మన వరంగల్ దిక్కు ఫ్లాట్‌బెడ్ అంటే చాలామందికి అర్థం కాదు, ప్లాట్‌ఫాం బండి అంటే అర్థమైతది, కొందరు ట్రాలీ అంటరు, పొడుగుదైతే ట్రైలర్ అంటరు. పక్కకు డోర్లు ఉండయి, మీద కప్పు ఉండది, చదునుగ ఇనుప బెడ్డు ఒకటి, ముందట క్యాబిన్ ఎనుక ఒక అడ్డుగోడ, అంతే. గ్రానైట్ రాళ్లు, ఇనుప చువ్వలు, పైపులు, ట్రాన్స్‌ఫార్మర్లు, కోతల సీజన్ల చైన్ మిషన్లు (టైర్లకు బదులు చైన్ల మీద నడిచే వరికోత మిషన్లు), అన్నీ దీని మీదనే పోతయి.

నేను డీసీఎం (మధ్యరకం లారీ) నడిపి దీనికి వచ్చిన, వచ్చినంక తెలిసిందేందంటే బండి నడపడం రెండు మూడు నెలలల్ల చేతికొస్తది, కానీ ఎనుక కూసున్న లోడు సంగతి ఎవ్వరు కూసోబెట్టి చెప్పరు. మామూలు లారీల సరుకు జరిగితే డోరు ఆపుతది. ఇక్కడ ఆపేది నువ్వు కట్టిన బెల్టు ఒక్కటే. ఈ మాట బుర్రల పెట్టుకోని కింద రాసినయి వరుసగ చదువుండ్రి, కొత్తగ నేర్చుకునే తమ్ముళ్ల కోసం నాకు తెలిసినంత ఇడమర్చి రాస్తున్న.

మొదలు: లైసెన్సు

ట్రాన్స్‌పోర్ట్ బండి నడపాలంటే 20 ఏండ్లు నిండాలె. నేరుగ హెవీ ఇయ్యరు, ముందు ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలిక బండ్ల) లైసెన్సు తీసుకోని దానికి ఏడాది నిండినంకనే హెవీకి లెర్నింగ్ ఇస్తరు. లెర్నింగ్ ఆరు నెలలు నడుస్తది, 30 రోజులు దాటినంక టెస్టుకు పోవచ్చు. డాక్టర్ సర్టిఫికెట్ ఫారం 1ఏ, డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే ఫారం 5 రెండూ కావాలె. ఎనుకట ఎనిమిదో తరగతి పాస్ కావాలె అనే రూలు ఉండె, 2019 ల కేంద్రం తీసేసింది, గా భయంతోని ఆగినోళ్లు ఇగ ఆగాల్సిన పని లేదు. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు 5 ఏండ్లకొకసారి రెన్యువల్ చేసుకోవాలె.

2024 నవంబర్ల సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నోళ్లు మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే ట్రాన్స్‌పోర్ట్ బండ్లు నడపొచ్చు. అంటే చిన్న ప్లాట్‌ఫాం బండితోని మొదలు పెట్టుడు తప్పు కాదు, నేనైతే అదే మంచిదంట. చిన్నదాని మీద ఏడాది లోడు కట్టుడు నేర్చుకున్నోడు పది టైర్ల బండెక్కినా భయపడడు. పద్ధతిగ నేర్సుకోవాలంటే సిరిసిల్ల కాడ మండెపల్లిల డ్రైవర్లకు ట్రైనింగ్ ఇచ్చే సంస్థ ఉంది, ట్రాకు ఉంది, కుదిరినోళ్లు పోండ్రి. కుదరనోళ్లు మంచి ఉస్తాద్ కాడ క్లీనర్‌గ చేరుండ్రి, కాకపోతే ఉస్తాద్ ఎట్లాంటోడు అనేది ముందే చూసుకోవాలె. తాగి నడిపేటోని కాడ ఒక్కరోజు కూడ ఉండొద్దు.

పొద్దుగాల బండి చుట్టు ఒక చక్కరు

తాళం చెవి పెట్టకముందే బండి చుట్టు తిరగాలె. టైర్లు చేతితోని, సుత్తెతోని కొట్టి చూడాలె, జంట టైర్లల్ల లోపటిది గాలి పోయినా బయటి నుంచి చూస్తే కనపడదు, కొడితే సప్పుడుల తేడా తెలుస్తది. రెండు టైర్ల నడుమ రాయి ఇరుక్కుందా చూసి తీసెయ్యాలె, క్వారీల నుంచి వచ్చిన బండికి ఇది తప్పనిసరి, లేకపోతే అది హైవే మీద ఎగిరి ఎనుక వచ్చే బైకాయన మొహానికి తగుల్తది. వీల్ నట్ల కాడ తుప్పు నీళ్లు కారినట్టు ఎర్రగ గీతలుంటే ఆ నట్టు వదులైందని అర్థం. కమాన్ కట్టలల్ల (బండి బరువు మోసే పట్టీల స్ప్రింగులల్ల) విరిగిన ఆకు ఉందా, బెడ్డు కింద హుక్కులు పగుళ్లిచ్చినయా చూడాలె.

ఎయిర్ ట్యాంకుల కింద చిన్న వాల్వు ఉంటది, అది లాగితే నీళ్లు బయటికొస్తయి. వానకాలం, చలికాలం రోజూ చెయ్యాలె, ఆ నీళ్లు లైన్లల్లకు పోతే బ్రేకులు దెబ్బ తింటయి. స్టార్ట్ చేసినంక గాలి గేజీ 7, 8 బార్ల కాడికి రాకముందు బండి కదపొద్దు. గాలి ఎక్కినంక ఇంజన్ బంద్ చేసి, బ్రేక్ తొక్కి పట్టుకోని ఒక నిమిషం గేజీ దిక్కే చూడాలె, ముల్లు దిగుతుంటే ఏడనో లీకుంది. బ్రేకులు గాలి మీద నడుస్తయి తమ్మీ, గాలి లేకుంటే బండి లేనట్టే.

గేర్లు, క్లచ్చు, ఖాళీ బండి మోసం

మొదటి పదిహేను రోజులు ఖాళీ జాగల నేర్చుకోవాలె, పొద్దున ఆరింటికి ఊరవతల గ్రౌండు దొరికితే అదే చాలు. కారు లెక్క సర్రున గేర్లు పడయి, ఇంజన్ సప్పుడు ఇని మార్చాలె. లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు బండి గుంజుడు బంద్ చేసినంక గేరు దించుదామంటే అప్పటికే ఆలస్యం, సప్పుడు బరువెక్కంగనే దించాలె. హాఫ్ క్లచ్చు మీద బండిని ఆపి పెట్టే అలవాటు మొదటి రోజునుంచే మానుకోవాలె, ట్రాఫిక్ల క్లచ్ ప్లేటు కాలిన వాసన ఒక్కసారి చూస్తే దాని ఖర్చు ఓనరు ఎవరి జీతంలకెళ్లి పట్టుకుంటడో చెప్పనక్కర్లేదు.

కొత్తోళ్లు ఖాళీ బండంటే అలుకగ తీసుకుంటరు. నిజానికి ఖాళీ ప్లాట్‌ఫాం బండి వాన పడ్డప్పుడు లోడు బండి కన్న ప్రమాదం. ఎనుక బరువుండది, గట్టిగ బ్రేక్ తొక్కితే ఎనుక టైర్లు తిరుగుడు ఆగి జారుతయి, తోక పక్కకు కొడ్తది. ఏబీఎస్ (బ్రేక్ తొక్కినప్పుడు టైర్లు తిరుగుడు ఆగకుండ చూసే ఏర్పాటు) ఉన్న బండ్లు కొంత నయం, పాత బండ్లకు అది ఉండది. తొలకరి వాన పడ్డ మొదటి గంట రోడ్డు మీద ఆయిలు, దుమ్ము కలిసి సబ్బులెక్క ఉంటది, అప్పుడు 40 దాటొద్దు.

మలుపులు, రివర్సు

ముందు టైరు పోయిన దారిల ఎనుక టైరు రాదు, లోపలికి కోసుకోని వస్తది, బండి ఎంత పొడుగుంటే అంత ఎక్కువ కోస్తది. ఇది నోటితోని చెప్తే అర్థం కాదు. దుమ్మున్న గ్రౌండుల ఒక ఇటుక పెట్టి, ముందు టైరు దానికి జానెడు దూరంల పోయేటట్టు మలుపు తిప్పి, దిగి ఎనుక టైరు జాడ చూడుండ్రి. ఇటుక నలిగిపోయి ఉంటది. ఆ ఇటుక జాగల స్కూటీ మీద ఒక తల్లి, ఎనుక పిల్లగాడు ఉన్నారనుకోండ్రి. అందుకే ఎడమకు తిప్పేటప్పుడు ముందు నేరుగ ఎక్కువ పోయి తర్వాత తిప్పాలె, ఎడమ అద్దం మీది నుంచి కన్ను తియ్యొద్దు. హన్మకొండ చౌరస్తా లాంటి జాగల బైకులోళ్లు ఆ ఎడమ సందులకే దూరుతరు. తిట్టుకుంట కూసోకుండ ఆగుండ్రి, వాళ్లు పోయినంక తిప్పుండ్రి.

రివర్సుకు సిగ్గు పడొద్దు. అనుమానం వస్తే దిగి చూసుడే, పదిసార్లైనా దిగుడే. క్లీనర్ సైగ చేస్తుంటే వాడు అద్దంల కనపడాలె, కనపడకపోతే ఆ క్షణంలనే ఆగాలె, ఈ ఒప్పందం ముందే మాట్లాడుకోవాలె. "రానీ రానీ" అని కేకలేస్తే ఇంజన్ సప్పుడుల ఏం ఇనపడది. ట్రైలరైతే స్టీరింగు ఎడమకు తిప్పితే తోక కుడికి పోతది, చేతులకు అది అలవాటు కావాలంటే నెల పడ్తది, కొద్దికొద్దిగ తిప్పాలె, మడత పడ్తున్నదనిపిస్తే ముందుకు తీసి సక్క చేసుకోవాలె.

బరువు లెక్క నువ్వే కట్టాలె

పది టైర్ల బండికి సరుకు, బండి కలిపి మొత్తం బరువు 25 టన్నులు ఉండేది, 2018 ల 28.5 టన్నులు చేసిండ్రు. కానీ నీ బండికి ఎంత అనేది ఆర్‌సీల రాసి ఉంటది, అదే లెక్క. బండి ఖాళీ బరువు 9, 10 టన్నులు తీసేస్తే సరుకుకు మిగిలేది 18.5 నుంచి 19.5 టన్నులు.

ఇప్పుడు కరీంనగర్ దిక్కు గ్రానైట్ క్వారీకి పోయినవనుకో. గ్రానైట్ ఒక క్యూబిక్ మీటరు దాదాపు 2.7 టన్నులు తూగుతది. టేపు పట్టుకోని కొలువు: పొడుగు 2.5 మీటర్లు, వెడల్పు 1.5, ఎత్తు 1.5, గుణిస్తే 5.6 క్యూబిక్ మీటర్లు, అంటే 15 టన్నులు. ఇది నీ బండి మీద పోతది. పక్కదే జర పెద్దగ కనపడ్తది, 3 మీటర్లు, 1.8, 1.6, ఇది 23 టన్నులు. కంటికి పెద్ద తేడా ఏం లేదు, కానీ 8 టన్నుల తేడా ఉంది. క్రేను ఎత్తినంక "వద్దు" అనుడు కష్టం, ఎత్తకముందే అనాలె. ఓవర్‌లోడుకు 2019 సవరణ చట్టంల 20 వేలు, మీది ప్రతి టన్నుకు ఇంకో 2 వేలు జరిమానా ఉంది, ఎక్కువున్న సరుకు దించే ఖర్చు అదనం. జరిమానా ఎట్లైనా కట్టొచ్చు, మానేరు బ్రిడ్జి దిగుడుల బ్రేకులు ఆపకపోతే ఏం కట్టి తెస్తం? లోడైనంక కాంటా మీద తూకం చీటీ తీసుకోని జేబుల పెట్టుకోవాలె.

చువ్వల లోడైతే ఇంకో సంగతి. టీఎంటీ చువ్వ పొడుగు 12 మీటర్లు. 40 అడుగుల ట్రైలర్ మీద సక్కగ పడ్తది. చిన్న బండి మీద వేస్తే ఎనుక బయటికి వేలాడ్తది, ఎనుకట మీటరు దాక బయటికి ఉండొచ్చనే వెసులుబాటు ఉండె, ఆ చువ్వలు గుచ్చుకోని మస్తు మంది చచ్చిపోతే 2014 ల తీసేసిండ్రు. ఎర్ర గుడ్డ కడితే సరిపోతదనేటోళ్ల మాట ఇనొద్దు. చీకట్ల ఎర్ర గుడ్డ కనపడది. మడతపెట్టి ఎయ్యమనాలె, లేకుంటే లోడు వద్దనాలె.

లోడు పెట్టుడు, కట్టుడు

దీని మీద ఎక్కువ రాస్త, ఎందుకంటే అసలు పని ఇదే.

బరువు బెడ్డు మధ్య గీత మీద కూసోవాలె, కుడి ఎడమ సమానంగ. ముందుకు ఎక్కువైతే స్టీరింగు రాయి లెక్కైతది, పూర్తిగ ఎనుకకైతే ముందు టైర్లు తేలినట్టయి బండి మాట ఇనది. ఇనుప బెడ్డు మీద ఇనుపది, రాయి నేరుగ పెట్టొద్దు, జారుతది. చెక్క దిమ్మలు ఎయ్యాలె, లేదంటే రబ్బరు మ్యాట్లు. వానల తడిసిన బెడ్డు తుడువకుండ లోడు పెడితే ఎన్ని బెల్టులేసినా జారుడు ఆగది.

బెల్టు మీద చీటీ ఉంటది, దాంట్ల రెండు అంకెలుంటయి. ఒకటి తెగే బరువు, ఒకటి పని బరువు. 5 టన్నుల బెల్టు అని షాపాయన చెప్పేది చాలాసార్లు తెగే బరువు, పని బరువు దాంట్ల సగమో మూడో వంతో ఉంటది. చీటీ చిరిగిపోయిన బెల్టును నేను నమ్మను. అంచు కోసుకున్నది, ముడి ఏసినది, ఎండకు గట్టిపడ్డది తీసి పారెయ్యాలె, ముడి ఏసిన కాడ బెల్టు బలం సగానికి పడిపోతది. ఎన్ని బెల్టులు ఎయ్యాలె అనేదానికి అమెరికల ఫ్లాట్‌బెడ్ డ్రైవర్లకు ఉన్న రూలు ఒకటి నాకు మంచిగనిపించింది: కట్టిన బెల్టుల పని బరువులన్నీ కలిపితే లోడు బరువుల సగానికి తగ్గొద్దు. 12 టన్నుల మిషనైతే 6 టన్నులు రావాలె, బెల్టుకు 2 టన్నులైతే మూడు బెల్టులు, నేను నాలుగు కడ్త. ముందుకు జారుడు ఎక్కువ ప్రమాదం కాబట్టి ముందుకైతే లోడు బరువుల 80 శాతం బలాన్ని, పక్కలకు ఎనుకకు 50 శాతం బలాన్ని ఆపేటట్టు కట్టాలె అనేది కూడ ఆ లెక్కలనే ఉంది. బ్రేక్ తొక్కితే ఏమైతదో తెలిసినోళ్లు పెట్టిన అంకె అది.

పదునైన అంచు మీది నుంచి బెల్టు పోతే మధ్యల రబ్బరు ముక్కనో, కోసిన పాత టైరు ముక్కనో పెట్టాలె. గ్రానైట్ అంచు కత్తి లెక్క ఉంటది, రాయికి బెల్టులు కాకుండ గొలుసులే వాడుండ్రి.

పైపుల లోడుతోని నాకు జరిగింది చెప్త. ఒక గోదాంల జీఐ పైపులు ఎక్కించుకున్న, అక్కడోళ్లు తొందర పెట్టిండ్రు, మీది నుంచి రెండు బెల్టులు ఏసి రాచెట్ (బెల్టు బిగించే పిడి) గట్టిగ బిగించిన, తట్టి చూస్తే టంగుమన్నది, బాగుందనుకున్న. హసన్‌పర్తి దాటినంక రోడ్డు మీదికి మేకల మంద వచ్చింది, బ్రేక్ తొక్కిన. బయటి వరుస పైపులు కదల్లేదు. నడుమ పైపులు మాత్రం ఒరలకెళ్లి కత్తి వచ్చినట్టు సర్రున ముందుకు వచ్చి అడ్డుగోడ రేకు చీల్చుకోని నా సీటు ఎనుక జానెడు దూరంల ఆగినయి. పైపు నోట్లకెళ్లి నీళ్లు కారి నా అంగీ మీద పడ్డయి, ఆ సల్లదనం ఇప్పటికీ గుర్తుంది. మీది నుంచి ఏసిన బెల్టు బయటి పైపులనే నొక్కుతది, నడుమ ఉన్నయి దాని చేతిల ఉండయి. అప్పటినుంచి పైపులు, చువ్వలు ఏవైనా ప్రతి కట్టకు బెల్టు ఒక పూర్తి చుట్టు చుట్టి అప్పుడు హుక్కు ఏస్త, అట్ల చుట్టితే లాగే కొద్దీ కట్ట మొత్తం బిగుసుకుంటది. ముందట అడ్డుగోడకు, లోడుకు నడుమ సందు ఉంచొద్దు, దిమ్మలు పెట్టి ఆనించాలె, సందుంటే లోడు వేగం పట్టుకోని గుద్దుతది.

చైన్ మిషన్ ఎక్కించుడు

యాసంగి కోతలప్పుడు, వానకాలం కోతలప్పుడు మన దిక్కు ఇదే పెద్ద కిరాయి. ర్యాంపు లేని కాడ ఎత్తు గడ్డకు బండిని ఆనించి ఎక్కిస్తరు. గడ్డ గట్టిదా మెత్తదా కాలుతోని తొక్కి చూడాలె, మిషన్ బరువు మొత్తం ఆ అంచు మీద పడ్తది. హ్యాండ్ బ్రేక్ ఏసి, టైర్ల కింద దిమ్మలు పెట్టి, మనుషులను బండికి మిషన్‌కు నడుమ నుంచి తప్పించి అప్పుడు రమ్మనాలె.

మడిల నుంచి వచ్చిన మిషన్ రబ్బరు చైన్లకు జానెడు మందం బురద ఉంటది. ఆ బురద గీకకుండ కట్టినమంటే ఎక్కేటప్పుడు గ్రీజు లెక్క జారుస్తది, ఇంకొకటి చాలామంది చూసుకోరు: దారిల ఎండకు ఆ బురద ఎండి పెళ్లలు రాలుతయి, రాలంగనే మిషన్ జర కిందికి కూసుంటది, బెల్టు వదులైతది. పార పట్టుకోని పావుగంట గీకుండ్రి. ముందటి కట్టర్‌ను దిమ్మల మీదికి దించి ఆనించాలె, హైడ్రాలిక్ మీద గాల్ల ఉంచొద్దు. కట్టినంక టేపుతోని నేల నుంచి మొత్తం ఎత్తు కొలిచి సాక్‌పీసుతోని క్యాబిన్ డోరు లోపట రాసుకోవాలె. ఊర్లల్ల కరెంటు తీగలు వేలాడుతుంటయి, రైలు కింది బ్రిడ్జీల కాడ ఎత్తు బోర్డు ఉంటది, ఆ అంకె చూడంగనే మన అంకె గుర్తుకు రావాలె. తీగ అడ్డమొస్తే కట్టెతోని లేపుదామని క్లీనర్‌ను మిషన్ మీదికి ఎక్కించొద్దు, లైన్‌మన్‌కు ఫోన్ చెయ్యాలె, గంట పోయినా పర్వాలేదు.

రోడ్డెక్కినంక

మొదటి 10, 15 కిలోమీటర్లల్ల ఒకసారి ఆపి బెల్టులన్నీ చేతితోని పట్టి చూడాలె, కుదుపులకు లోడు సర్దుకోని కొత్తల్ల తప్పకుండ వదులైతయి. తర్వాత టీ తాగడానికి ఆగిన ప్రతిసారి ముందు బెల్టులు, తర్వాత టీ. 60 స్పీడుల బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతది, నువ్వు చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపు ఆ దూరం అయిపాయె, స్పీడు రెండింతలైతే బ్రేక్ పట్టినంక ఆగే దూరం దాదాపు నాలుగింతలైతది. ఎత్తు లోడు మీద మలుపుకు ముందే స్పీడు తగ్గించాలె, మలుపుల బ్రేక్ తొక్కొద్దు.

163 హైవే హైదరాబాద్ నుంచి వరంగల్ దాక వెడల్పుగ ఉంటది, ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం అడవిల పడ్డంక వేరే లెక్క, రాత్రిపూట పశువులు రోడ్డు మీద పండుకోని ఉంటయి. కోతలప్పుడు ఊర్ల కాడ రోడ్డు సగం వడ్లు ఆరబోస్తరు, చీకట్ల కుప్ప మీద నల్ల కవరు కప్పి రాళ్లు పెడ్తరు, దగ్గరికి పోయేదాక కనపడది. వడ్ల మీద టైరెక్కినా జారుతది. మేడారం జాతర రోజులల్ల ఆ దిక్కు పెద్ద లోడు పెట్టుకోకపోవుడే మంచిది.

నిర్మల్ కాడ మహబూబ్ ఘాట్ లాంటి దిగుడుల బ్రేకు మీదనే కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాలి బ్రేకులు పట్టవు. ఏ గేరుల ఎక్కుతవో దాదాపు అదే గేరుల దిగాలె, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజన్ పొగను ఆపి బండి స్పీడు తగ్గించేది) వాడాలె, న్యూట్రల్ చేసి డీజిల్ మిగిలిస్తా అనేటోని పక్కన కూసోవద్దు.

బండి చెడిపోయి రోడ్డు మీద ఆగితే ప్లాట్‌ఫాం బండి ఎనుక నుంచి దాదాపు కనపడది, బెడ్డు సన్నగ గీత లెక్క ఉంటది. ఎర్ర త్రికోణం కనీసం 50 మీటర్లు ఎనుక పెట్టాలె, రిఫ్లెక్టర్ టేపు దుమ్ము పడితే రోజూ గుడ్డతోని తుడువాలె. పని గంటల చట్టం 1961 నుంచే ఉంది, రోజుకు 8 గంటలు, 5 గంటలు నడిపినంక అర్ధగంట ఆరాం. ఓనరుకు ఆ మాట చెప్పుడు కష్టమే, నాకు తెలుసు, కానీ రాత్రి రెండు నుంచి నాలుగు నడుమ కండ్లు మూతలు పడ్తే మొహం కడుక్కోని నడిపేదానికన్న పెట్రోల్ బంకుల ఆపి గంట పండుకోండ్రి.

కాగితాలు

ఆర్‌సీ, ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, లైసెన్సు ఒక ప్లాస్టిక్ కవర్ల ఉండాలె, ఫోన్ల కూడ ఉండాలె. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్ల తీసే జీఎస్టీ చీటీ) కావాలె, అది 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున నడుస్తది, దారిల బండి చెడిపోతే గడువు అయిపోకముందే పొడిగించమని సరుకాయనకు ఫోన్ చెయ్యాలె.

దించేటప్పుడు

వచ్చినమన్న తొందరల చాలామంది ఇక్కడనే దెబ్బ తింటరు. బండి చదును నేల మీద ఉందా చూడాలె, ఒక పక్కకు ఒరిగిన కాడ బెల్టులు ఇప్పొద్దు. ఇప్పకముందు చుట్టు తిరిగి లోడు ఏ దిక్కు ఒత్తుకోని ఉందో చూడాలె, దారిల జరిగిన పైపు ఒకటి బెల్టు మీదనే ఆగి ఉండొచ్చు, రాచెట్ ఎత్తంగనే నీ మీదికే వస్తది. క్రేను తాడు బిగిసినంకనే, మిషనైతే ఆపరేటర్ సీట్ల కూసోని బ్రేక్ పట్టినంకనే ఇప్పాలె. ఇప్పేటోడు లోడు ఒరిగిన దిక్కు నిలవడొద్దు, అవతలి దిక్కు నిలవడాలె, మిగిలినోళ్లందరు పక్కకు జరిగినంక ఒక్కొక్క బెల్టు ఎనుక నుంచి ముందటికి ఇప్పుకుంట రావాలె. ఇప్పిన బెల్టులు అట్లనే బెడ్డు మీద పడేయకుండ, బురద కడిగి, చుట్టి, నీడకు పెట్టుండ్రి, రేపు పొద్దున మళ్ల వాటి మీదనే ఆధారపడాలె.